వాల్కా కనుమలో చప్పుడు

ఐస్‌లాండ్ ఉత్తరాన వాల్కా కనుమ పేరు చెబితే గుండెలు తీసిన బంట్లు కూడా పొద్దుండగానే దాటేస్తారు. చలికాలంలో పొద్దుండేదే కాసేపు. సాయంత్రం నాలుగింటికే చీకటి... అందుకని చాలామంది దాటనే దాటరు.

ఎప్పుడో, వాల్కా అనే దిక్కులేని మనిషి చంటిబిడ్డను చంకనేసుకుని మంచులో ఆ కనుమ ఎక్కిందట. అంతకుముందు కింద ఊళ్ళో కనిపించిన తలుపల్లా తట్టింది. ఒక్కరూ తియ్యలేదు. మర్నాడు తల్లీబిడ్డా కొయ్యబారిపోయి దొరికారు. అక్కడే పూడ్చి పైన రాళ్ళు పేర్చారు. ఆ దారిన పోయేవాడు తన బండిలో ఎంతమంది ఉంటే అన్ని రాళ్ళు ఆ కుప్పమీద వెయ్యాలి. వెయ్యకపోతే వాల్కా వెంటపడుతుంది. కనిపించదు. చేతిలో రెండు రాళ్ళు కొట్టుకుంటూ వస్తుంది —

టిక్... టిక్... టిక్...

గ్రీముర్ ఎన్నడూ వెయ్యలేదు. చేపల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, చేతికి తగిలిందే నమ్ముతాడు. తల్లి హాల్బెరా పోరితే నవ్వేవాడు. "చచ్చినదానికి రాళ్ళెందుకే అమ్మా? ఇల్లు కట్టుకుంటుందా?"

కిందటి చలికాలం ఆ నవ్వు పోయింది. భార్య ఆస్దీస్‌కి ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆసుపత్రి కనుమకు అవతల. సరిగ్గా కనుమ మధ్యలో కారు ముందు యాక్సిల్ ఫట్‌మని విరిగింది. సాయం వచ్చేసరికి అంతా అయిపోయింది. మగబిడ్డ. పేరైనా పెట్టలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ బిడ్డ మాట ఎత్తలేదు... గ్రీముర్ ఎత్తనివ్వలేదు.

ఆస్దీస్ మళ్ళీ కడుపుతో ఉంది. షెడ్డులో పడున్న కారుకు, ఆ ఊరి మెకానిక్ తూమి కొత్త యాక్సిల్ వేశాడు. మర్నాడు బండి వీధిలోకి తీశారో లేదో —

టిక్... టిక్...

"యాక్సిల్ పోతే మలుపులో అరవాలి," అన్నాడు తూమి బుర్ర గోక్కుంటూ. "ఇది తిన్నగా పోతున్నా అరుస్తోంది. వేగం పెంచితే నోరు మూసుకుంటోంది. ఇదేం రోగంరా బాబూ?"

నట్లు బిగించారు. బేరింగు మార్చారు. ఆఖరికి ఆ యాక్సిల్ పీకి ఇంకొకటి వేశారు. సముద్రం పక్క రోడ్డు మీద దౌడు తీస్తే చప్పుడు లేదు. కనుమ మొదట్లో, ఎక్కుడు మొదలై బండి నెమ్మదించగానే... మళ్ళీ అదే. ముందు చక్రాల దగ్గర వాళ్ళు విప్పని మర లేదు. గ్రీముర్‌కి కంటిమీద కునుకు పోయింది. ఈ బండి మళ్ళీ నడిదారిలో విరిగితే? మళ్ళీ అక్కడే?

"ఒరేయ్ గ్రీమ్, అది యాక్సిల్ కాదురా," అంది హాల్బెరా. ఆవిడకు సగం చెవుడు, గుసగుసలాడినా పక్కింటికి వినపడుతుంది. "వాల్కా అడుగుతోంది."

ఈసారి గ్రీముర్ నవ్వలేదు.

ఆ సాయంత్రం మంచు తుఫానులో ఆస్దీస్‌కి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు కనుమ అవతలి నుంచే రావాలి. మంచు తోసే బండి ముందు పోతేగాని కదలలేమన్నారు. తూమి పొరుగూరు పోయాడు. ఇక ఉన్నదల్లా ఆ కారే.

ఎక్కారు. ఎక్కుడు మొదలైంది. బండి నెమ్మదించింది.

టిక్... టిక్... టిక్...

"దేవుడా, ఇప్పుడు కాదు," అని గొణిగాడు గ్రీముర్.

"బండి పోనీ," అంది ఆస్దీస్ వెనక సీట్లోంచి. "అదేం చెయ్యదు."

"యాక్సిల్ పోతోంది, ఆస్దీస్! నీకు తెలీదు—"

"అదేం చెయ్యదన్నానుగా... పోనీ."

ఆ గొంతులో భయం లేదు. నొప్పుల మధ్య కూడా జోలపాడే మనిషి గొంతులా ఉంది. కొనదాకా ఎక్కాడు. ఇక ముందున్నది నిట్టనిలువు దిగుడు. అక్కడ చక్రం ఊడితే ముగ్గురూ లోయలోకే. ఆపేశాడు. ఎక్కడ ఆపాడో దీపాల వెలుగులో అప్పుడు చూశాడు —

రాళ్ళ కుప్ప.

ఇంజను ఆపి టార్చి పట్టుకుని దిగాడు. ముందు చక్రాలు రెండూ పట్టి ఊపాడు. బండరాయిలా బిగిసి ఉన్నాయి. గాలి ఒక్క క్షణం ఆగింది.

టిక్.

ఇంజను ఆగింది. బండి ఆగింది. అయినా... టిక్.

గ్రీముర్ మంచులో మోకాళ్ళమీద కూలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దెయ్యాన్ని బతిమాలాడు. "నన్ను తీసుకో... తప్పు నాది. వాళ్ళను వదిలెయ్. నీకూ బిడ్డ ఉండేది కదమ్మా..."

బండి మంచు మీద బెత్తెడు వెనక్కి జారింది.

టిక్. వెనక నుంచి. కింద నుంచి.

వెనక చక్రం!

పిచ్చివాడిలా దాని మీద పడి, గోళ్ళు విరుగుతున్నా లెక్కచెయ్యక ప్లాస్టిక్ మూత పీకాడు. లోపల్నుంచి మంచులోకి రాలాయి... రాళ్ళు. మూడు ఉసిరికాయలంతవి. ఒకటి చింతగింజంతది. తమ ఊరి సముద్రపొడ్డున దొరికే నల్లటి నున్నటి రాళ్ళు. అమ్మ కిటికీ గట్టుమీద ఉండేవి.

అంతా అర్థమైంది. కోపం రావాలి, రాలేదు. ఆ రాళ్ళను ఒక్కొక్కటే కుప్పమీద వేశాడు. ఏడుస్తూనే వేశాడు.

దిగుడంతా బండి కిమ్మనలేదు. "చప్పుడు ఆగిపోయింది," అని వెనక ఆస్దీస్ మెల్లగా ఏడవడం మొదలుపెట్టింది. సంతోషంతో అనుకున్నాడు గ్రీముర్.

ఆసుపత్రి చేరిన కాసేపటికి ఆడపిల్ల పుట్టింది. కేక ఆ వార్డంతా వినపడింది.

మర్నాడు తూమి తన వ్యానులో హాల్బెరాను తీసుకొచ్చాడు. కథంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేరా! కొత్తది వేశాం కదాని ముందే వెతికాం. వెనక చూసిన పాపాన పోలేదు."

"వీడు ఎలాగూ దిగి వెయ్యడు," అని అరిచింది హాల్బెరా, తానేమో గుసగుసలాడుతున్నాననుకుని. "చెబితే తీసి పారేస్తాడు. అందుకే రాళ్ళు బండిలోనే ఉండాలని నేనే పెట్టాను. నీకొకటి, ఆస్దీస్‌కొకటి, పుట్టబోయేదానికొకటి. మూడు."

"నాలుగమ్మా," అన్నాడు గ్రీముర్.

"మూడేరా! నాకు చెవుడేగాని లెక్క రాదా?"

"నాలుగు వేశానమ్మా. ఒకటి ఇంతే ఉంది... చింతగింజంత."

హాల్బెరా మొహం పాలిపోయింది.

"చిన్నది నేను పెట్టాను."

ముగ్గురూ మంచం వైపు తిరిగారు. ఆస్దీస్ పాలు తాగుతున్న పిల్లను చూస్తోందిగాని వాళ్ళవైపు చూడలేదు.

"అత్తయ్య మూడు పెట్టడం కిటికీలోంచి చూశాను. వాడికి పెట్టలేదు. ఎవరూ వాణ్ణి లెక్కలో వెయ్యలేదు..." ఆగింది. "ఆ చప్పుడు వాడిదే అనుకున్నాను, గ్రీమ్. నువ్వు రాత్రుళ్ళు బండి కిందే పడుకుంటున్నా నోరు విప్పలేకపోయాను. చెబితే అది ఆగిపోతుందిగా?"

గ్రీముర్ వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. తర్వాత, ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ అడగనిది అడిగాడు.

"వాడికేం పేరు పెడదామనుకున్నావు?"