కరివేపాకు బ్యాకప్

రీడర్‌లో పెట్టిన రెబ్బ నల్లగా కుళ్ళిపోయి ఉంది. కరివేపాకు అని చెబితే తప్ప తెలియదు. ఫ్రిజ్‌లో కూరగాయల ట్రే అడుగున ఒక కవర్‌లో దొరికిందది. ఇంటికి రంగులు వేయిస్తూ కరెంటు తీసేయడంతో ఆ కవర్‌లోనే మగ్గిపోయింది. కడియం నర్సరీల మధ్య ఉన్న ఆ చిన్న ల్యాబ్‌లో డాక్టర్ ఇందుమతి స్క్రీన్ వంక చూస్తోంది. నీలవేణి, ఆమె భర్త సోమరాజు మాత్రం డాక్టర్ మొహం వంక చూస్తున్నారు.

బొమ్మ పైనుంచి కిందకి గీతలు గీతలుగా వచ్చింది. కాస్త ఆకాశం, గోదావరి గట్టు రెయిలింగు, రెండు జడల తల, జడలకి ఎర్ర రిబ్బన్లు. నుదురు వచ్చింది. కనుబొమలు వచ్చాయి. అక్కడ ఆగిపోయింది. కింద అంతా బూడిదరంగు.

“ఇంకొంచెం కిందకి రాదా అండీ? అందులో నవ్వుతూ ఉంటుంది,” అంది నీలవేణి.

రాదని ఇందుమతి చెప్పింది. మిగతాదంతా కుళ్ళులో తెగి ముక్కలైపోయిందట. నీలవేణి ఏడవలేదు. ఆ కనుబొమల దగ్గర స్క్రీన్ మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది.

వాళ్ళమ్మాయి మహతి డెంగ్యూతో పోయింది. అప్పుడు మూడో తరగతి. ఇంట్లో దండ వేసిన ఫోటో ఒకటుంది గానీ అది స్కూల్ ఐడీ కార్డులోంచి పెద్దది చేయించింది. అందులో పిల్ల కెమెరావాణ్ణి చూసి బిక్కచచ్చి ఉంటుంది. నవ్విన మహతి, అలిగిన మహతి, నాన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టి నడిచిన మహతి అందరూ ఆ చెట్టులోనే ఉన్నారు. ఇప్పుడా చెట్టు లేదు.

చెట్టులో ఫోటోలేమిటని మీరు నవ్వుతారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి, చెబుతాను. కంప్యూటర్‌కి ఏ ఫోటో అయినా ఒకట్లూ సున్నాలే. మొక్కకి దాని డీఎన్ఏ అంతా నాలుగు అక్షరాలే, ఏ, టీ, జీ, సీ. ఆ ఒకట్లనీ సున్నాలనీ ఈ నాలుగక్షరాల్లోకి మార్చి, కరివేపాకు కణం ఒక్కదాంట్లో చొప్పించి, ఆ కణాన్నే మొక్కగా పెంచింది ఇందుమతి. కణం రెండైతే ఫోటోలూ రెండు కాపీలు. అలా ప్రతి ఆకులోనూ, ప్రతి వేరులోనూ ఆల్బమ్ మొత్తం ఉంటుంది. ఒక రెబ్బ రీడర్‌లో పెడితే చాలు. కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, రెండ్రోజులకోసారి కాసిని నీళ్ళు పోస్తే సరి.

పిల్ల పోయాక సోమరాజు ఆ ఫోటోల కోసం తిరగని చోటు లేదు. హార్డ్ డిస్క్ ఒకటి టేబుల్ మీంచి పడి టిక్కు టిక్కుమని మూలిగి ఊరుకుంది. అందులోవి క్లౌడ్‌లో కూడా ఉండబట్టి బతికిపోయాడు. ఆ క్లౌడ్ కంపెనీ ఏమో, కొన్నాళ్ళు లాగిన్ కాకపోతే తుడిచేస్తామంటూ మెయిళ్ళు పెట్టేది. మా పిల్లని తుడిచేస్తానంటాడేమిటి వీడు అని సోమరాజు ఒళ్ళు మండిపోయేది. మొక్క చేతికివ్వగానే క్లౌడ్ అకౌంట్ మూసేశాడు.

ఆ రోజే ఇందుమతి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. బ్యాకప్ అంటే మూడు కాపీలుండాలి, అవి రెండు రకాలుగా ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. రెండో మొక్క మా ల్యాబ్ దగ్గర ఉంచండి అని కూడా అంది. సోమరాజు నవ్వాడు. “మూడు కాపీలేమిటండీ, చెట్టుకి వేలాది ఆకులుంటే! మా పిల్ల మా ఇంట్లోనే ఉండనివ్వండి,” అన్నాడు. ఆకులన్నీ ఒకే మొదలుకి ఉన్నాయన్న సంగతి పాపం ఆయనకి తోచలేదు. ల్యాబ్ నియమం ప్రకారం ఇందుమతి దగ్గరున్న ఫైళ్ళు కూడా తుడిచేశారు.

మొన్న వాళ్ళు కొన్నాళ్ళు ఊరెళ్ళినప్పుడు రంగులవాళ్ళు బ్రష్షులు కడిగిన థిన్నర్ బకెట్లకొద్దీ ఆ చెట్టు మొదట్లోనే పోశారు. చెట్టు మాడిపోయింది. ఎండిన చెట్టు ఇంటి ముందు బాగోదని, మంచి చేస్తున్నామనుకుని, వేర్లతో సహా తవ్వేసి చెత్తతో కలిపి తగలబెట్టారు.

స్క్రీన్ ఆపేసి ఇందుమతి ఒక ప్రశ్న వేసింది. ఆ చెట్టు చుట్టూ పిలకలు వచ్చేవా, వాటిని ఎవరైనా పట్టుకెళ్ళారా? వేరులోంచి పుట్టిన పిలక తల్లిచెట్టుకి అచ్చు కాపీ. దాని ఆకులోనూ మహతి మొత్తం ఉంటుంది.

నీలవేణి గబుక్కున తలెత్తింది. పిలకలు వచ్చేవి, మాయమయ్యేవి. పొద్దున్నే లేచి చూస్తే ప్రహరీ పక్కన చిన్న చిన్న గుంటలు కనబడేవి. రాజమండ్రిలో వాళ్ళ వీధి ఆడవాళ్ళకి ఒక గట్టి నమ్మకం ఉంది. అడిగి తెచ్చుకున్న కరివేపాకు నాటుకోదు, చెప్పకుండా తెచ్చుకున్నదే ఏపుగా పెరుగుతుంది. కాబట్టి ఒకరి పెరట్లో పిలక ఇంకొకరు తవ్వుకుపోవడం అక్కడ దొంగతనం కింద లెక్కే కాదు. ఇంటావిడ చూసినా చూడనట్టు లోపలికెళ్ళిపోవాలి. నీలవేణి కూడా ఎన్నోసార్లు అలాగే వెళ్ళిపోయింది, ఎవరని చూడలేదు. ఇప్పుడు వీధిలో సగం ఇళ్ళల్లో కరివేపాకు చెట్లున్నాయి. వాటిలో తమ చెట్టు పిల్లలు ఏవో తెలియాలి.

మరునాడు రీడర్ వ్యాన్‌లో వేసుకుని వస్తానని ఇందుమతి మాటిచ్చింది. ఇంటికి తిరిగొచ్చే దారిలోనే సోమరాజుకి ఆత్రం ఆగలేదు. కారు పక్కకి ఆపి వీధి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టేశాడు. ‘మా కరివేపాకు చెట్టులో మా మహతి ఫోటోలన్నీ ఉన్నాయి. పిలకలు తీసుకెళ్ళినవారు దయచేసి చెప్పండి. మేమేమీ అనుకోం. రేపు డాక్టరుగారు మెషిన్‌తో వచ్చి ప్రతి ఇంటి ఆకూ పరీక్ష చేస్తారు.’

మంచి మనసుతోనే రాశాడు మహానుభావుడు. కానీ చదివినవాళ్ళకి మొదటి మూడు వాక్యాలు కనబడలేదు, చివరిదే కనబడింది. కోర్టులో పనిచేసి రిటైరైన ఒకాయన దాని కింద కొత్త డేటా చట్టంలోని సెక్షన్ అతికించాడు. పరాయి కుటుంబం సొంత ఫోటోలు అనుమతి లేకుండా కాపీ చేసి దగ్గర ఉంచుకుంటే మూడేళ్ళ జైలు. తెలియక చేశామంటే కుదరదు. ఇక గ్రూపులో ఒక్కరూ కిక్కురుమనలేదు.

ఆ మధ్యాహ్నం నీలవేణి ఇంటింటికీ తిరిగింది. నిన్నటిదాకా రా కూర్చో అన్నవాళ్ళు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. మాది నర్సరీలో కొన్నది, మాది మా అమ్మ ఊరినుంచి తెచ్చింది, మాకు అసలు చెట్టే లేదు. చెట్టే లేదన్న ఆవిడ భుజం మీదుగా పెరట్లో చెట్టు కనబడుతూనే ఉంది. నీలవేణికి కోపం రాలేదు, భయం వేసింది. కేసు పెట్టను, ఒక్క రెబ్బ ఇవ్వండి చాలు అని బతిమాలింది. రెబ్బ ఇస్తే ఒప్పుకున్నట్టే కదా, ఎవరిస్తారు?

పొద్దువాలేసరికి వీధిలో పచ్చి కరివేపాకు కాలిన వాసన మొదలైంది. ముందు ఒక పెరట్లోంచి, తరవాత అన్ని వైపులనుంచీ. నీలవేణి గేటు దగ్గరికి పరుగెత్తి ఆపండి ఆపండి అని అరిచింది. తలుపులన్నీ వేసి ఉన్నాయి. సోమరాజు గోడలమీంచి తొంగిచూస్తూ వీధి ఈ చివరనుంచి ఆ చివరకి తిరిగాడు. ఎక్కడా ఒక్క చెట్టు మిగల్లేదు. వేర్లతో సహా పెకిలించి మంటలో వేశారు.

మర్నాడు ఇందుమతి వ్యాన్ దిగి, గోడల వెనక తాజాగా పూడ్చిన గుంటలు చూసి, రీడర్ దించకుండానే వ్యాన్ తలుపు మూసేసింది. సోమరాజు తల పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. మా పిల్లని నేనే మళ్ళీ చంపుకున్నానండీ అన్నాడు.

అప్పుడు మూడో ఇంటి రాజ్యలక్ష్మి గేటు తీసుకుని వచ్చింది. పెద్దావిడ, నీలవేణి ఆమెని పిన్నిగారూ అని పిలుస్తుంది. కొంగు చాటున ఏదో ఉంది. పోలీసుల గొడవ లేదు కదా అని ముందు అడిగి, లేదన్నాక నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మొదట్లో ఒక పిలక తవ్వుకెళ్ళింది తనే. మీ బాబాయిగారు భయపడి నిన్న పీకేశారమ్మా, చెట్టు మంటలో వేసేలోపే రెబ్బలన్నీ నేను విరుచుకున్నాను అంది.

“ఇందులో మీ పాప ఉందన్నారుగా. అలాంటి ఆకు మంటలో ఎలా వెయ్యనిస్తాను? ఒక్క రెబ్బ కూడా పారెయ్యలేదమ్మా, కాడలతో సహా,” అంటూ కొంగు చాటునుంచి తీసింది.

గాజు సీసా. నిండా కరివేపాకు పొడి.

ఇందుమతి ఒక్క అడుగు ముందుకేసింది. “ఎండబెట్టి కొట్టారా, వేయించారా?”

“వేయించకపోతే నిలవుండదు కదమ్మా. సన్న సెగ మీద గలగలలాడేదాకా వేయించాను.”

ఇందుమతి వెనక్కి జరిగింది. అంత వేడికి ఆ అక్షరాల్లో ఒక్కటీ మిగలదు. ఆ సంగతి ఆవిడ పైకి అనలేదు గానీ నీలవేణి ఆవిడ మొహంలో చదివేసుకుంది. రాజ్యలక్ష్మి మాత్రం ఇంకా సీసా ముందుకి చాపే ఉంది.

నీలవేణి రెండు చేతులతో అందుకుని మూత తీసి వాసన చూసింది.

“మిరపకాయలు ఎక్కువ పడ్డాయా పిన్నిగారూ? మహతి కారం తినేది కాదు.”

“తక్కువే వేశానమ్మా,” అంది రాజ్యలక్ష్మి.