పెడల్ మీది పాదం

కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టి బతికించడం ఆమె పని. అందుకే వీధి వీధంతా ఆమెను మోటారక్క అంటుంది. దుకాణం వెనక గదిలో ఎప్పుడూ వార్నిష్ వాసన, మాడిన రాగి వాసన. ఆ సాయంత్రం వాటికి తోడు వాన వాసన.

బల్ల మీద తమ్ముడి ఎలక్ట్రిక్ గిటారు ఉంది. ప్రెస్సులో చెయ్యి పడి ఎడమచేతి వేళ్ళలో పట్టు పోయింది వాడికి. నొక్కిన స్వరం నిలవదు, పుట్టగానే చస్తుంది. వాడు వాయించే పాటల బృందంవాళ్ళు "చూద్దాంలే" అనడం మొదలుపెట్టారు. ఆ "చూద్దాంలే"కి అర్థం ఏమిటో తెలియనంత పిచ్చిది కాదు ఆమె.

"వేళ్ళు పోతే పోయాయి, కాలుందిగా!" అంది.

గిటారు తీగ వణుకును పట్టుకుని, బలం పెంచి, ఒక కాయిల్, అంటే రాగి తీగచుట్ట గుండా మళ్ళీ ఆ తీగ మీదికే తోస్తే స్వరం ఆగదు. పెడల్ తొక్కినంతసేపూ మోగుతూనే ఉంటుంది. పెడల్‌కి మోటారులోంచి తీసిన గట్టి స్ప్రింగు బిగించింది.

"ఒళ్ళంతా మోపితేగానీ దిగట్లేదు. ఇది పెడలా, రోడ్డు రోలరా అక్కా?"

"నువ్వు తొక్కే తొక్కుడుకి ఆ మాత్రం ఉండాలి. నోరు మూసుకుని మీటు, నేను తొక్కి చూస్తా."

కాయిల్ చుట్టేటప్పుడు మొదటి కొసకు ముడి వేసుకోవడం ఆమె అలవాటు, ఏది మొదలో ఏది చివరో కలిసిపోకుండా. ఆ రోజు వాడితో మాటకు మాట అంటూ ముడి మరిచింది. ఏదైతే ఏంలే అని రెండు కొసలూ బిగించేసింది.

వాడు స్టూలు మీద కూర్చుని తీగ మీటాడు. ఆమె పెడల్ తొక్కింది.

స్వరం తెగిపోయింది. సన్నగిల్లడం కాదు... ఎవరో నోరు నొక్కేసినట్టు.

"కొసలు తిరగబడ్డాయిరా. నిలబెట్టాల్సింది పోయి చంపేస్తోంది."

వాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది.

తలెత్తి చూసింది. నోరు తెరిచే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు.

"ఒరేయ్... వేషాలొద్దు."

భుజం పట్టి కుదిపింది. గిటారుతో సహా గోడకు ఒరిగిపోయాడు. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఏమీ లేదు. పెడల్ వదిలేసింది. అయినా లేదు. కేక పెట్టింది. రేకుల మీద వాన ఆ కేకను మింగేసింది.

ఆమె చేతులు ఆమెను అడగలేదు. స్క్రూలు వదులుచేసి రెండు కొసలూ మార్చేశాయి. తొక్కింది.

ఎవరూ మీటని తీగ వణికింది. స్వరం లేచింది. దాంతోపాటే తమ్ముడి ఛాతీ లేచింది.

"అక్కా... చలేస్తోంది."

ఏడుస్తూ వాడి మీదికి వంగింది. పాదం కాస్త లేచింది. స్వరం పల్చబడింది. వాడి పెదాలు నల్లబడ్డాయి. గభాలున మళ్ళీ తొక్కింది... ఊపిరి వచ్చింది.

అప్పుడర్థమైంది.

ఫోను ముందు గదిలో ఉంది. పెడల్ మీద బరువు పెడదామంటే మోటార్లన్నీ అవతలి గోడకున్నాయి. ఏదీ అందదు. చీకటి పడుతోంది. పిక్క పట్టేసింది.

"మాట్లాడుతూ ఉండరా... కళ్ళు మూయకు."

"కాలు నొప్పెడుతోందా అక్కా?" గుసగుసగా అడిగాడు. "తీసెయ్... పర్లేదంట."

"ఎవరన్నారు?"

వాడు ఆమె పాదాల వైపే చూస్తున్నాడు.

కాలు తిమ్మిరెక్కి మెలికపడింది. పాదం పెడల్ మీంచి జారి ఆమె దబ్బున నేల మీద పడింది. స్వరం ఆగుతుందని రెండు చెవులూ మూసుకుంది...

ఆగలేదు.

తమ్ముడు ఊపిరి తీస్తూనే ఉన్నాడు.

పెడల్ వైపు చూసింది. అంత గట్టి స్ప్రింగూ అడుగంటా అణిగి ఉంది. దాని మీద ఏమీ లేదు.

చెయ్యి చాచి తాకబోయింది. పెడల్ వెంట్రుకంత పైకి లేచింది. తమ్ముడి గొంతులో ఊపిరి కొట్టుకుంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

పెడల్ మళ్ళీ కిందికి దిగింది... మెల్లగా, తీరిగ్గా.