రెండు స్టాపుల అవతల

దెనిత్సా సోఫియా నగరానికి వచ్చి ఆరేళ్లయింది. వచ్చిన కొత్తలో ట్రామ్ ఎక్కాలంటేనే గుండె దడదడలాడేది. ఇప్పుడు కళ్లు మూసుకుని కూర్చున్నా కుదుపుని బట్టి ఏ మలుపు తిరుగుతోందో చెప్పగలదు. ఊరు ఆమెకి అంతగా ఒంటబట్టింది.

కళ్లజోళ్ల దుకాణంలో పని. నాలుగున్నరకి వదిలేవారు. బయటికి రాగానే పాత స్నానశాల వెనక వేడినీటి బుగ్గ దగ్గర, క్యాన్లు పట్టుకుని నిలబడ్డ ముసలివాళ్ల వరసలో తనూ నిలబడి సీసా నింపుకునేది. ఆ వెచ్చని సీసాని కోటు లోపల దోపుకుంటే ట్రామ్ వచ్చేదాకా చలి తెలిసేది కాదు. మూల కొట్టులో బానిత్సా కొనుక్కుని, కిటికీ పక్క సీటు దొరికితే ఆ పొరల రొట్టె కొరుకుతూ, అందులోంచి జున్ను కారకుండా నాలుకతో అందుకుంటూ, వీధులు చూసుకుంటూ ఇంటికి చేరేది. ఆ అరగంట ప్రయాణం కోసమే పొద్దుణ్నించీ ఎదురుచూసేదంటే అబద్ధం కాదు.

జనవరిలో ఒక శుక్రవారం. మంచు సన్నగా పడుతోంది. అయిదు కాకముందే దీపాలు వెలిగాయి. దెనిత్సా మంచి ఉత్సాహం మీద ఉంది. తన స్టాపు దగ్గరి పార్కులో మంచు మీద జారే మైదానం తెరిచారు. స్నేహితురాలు కలినా అయిదుంబావుకి ఇద్దరికీ టిక్కెట్లు తీసి ఉంచింది.

మూడో స్టాపులో ఒక ముసలాయన ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. బొచ్చు టోపీ, ఉన్ని చేతితొడుగులు, ఒళ్లో కాగితం సంచి. సంచిలోంచి సీమదానిమ్మ పళ్ల వాసన గుప్పుమంది. కాసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత మొహమాటంగా ఆమె వైపు వంగాడు.

"అమ్మాయ్, నాకో సాయం చేసి పెడతావా? రెండు రాత్రులుగా కన్ను మూతపడలేదు. మా ఆవిడకి రేపు పొద్దున ఆపరేషను. ఆసుపత్రి స్టాపు వస్తే కాస్త తట్టి లేపు. ఆరింటికి తలుపులు వేసేస్తారు."

ఆసుపత్రి స్టాపు తన స్టాపుకి రెండు స్టాపుల అవతల. 'నేను ముందే దిగిపోతాను తాతగారూ' అంటే సరిపోయేది. నోటి నిండా బానిత్సా ఉంది. అది మింగి అంత మాట చెప్పడానికి బద్ధకించింది. సరేనన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ ఊళ్లో సరే అనడం అలాగే.

"నేను మొద్దు నిద్ర మనిషిని. ఒకసారి తడితే లేవను. రెండుసార్లు తట్టు," అని నవ్వి ఆయన కళ్లు మూసుకున్నాడు. నిమిషంలో గురక మొదలైంది.

తన స్టాపు రాగానే దెనిత్సా లేచింది. ఆయన మోకాళ్లు దాటుకుని నడవలోకి వచ్చింది. నోరు తెరుచుకుని పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. ఇప్పుడే లేపితే? రెండు స్టాపుల ముందే లేపితే ఏమనుకుంటాడు? పక్కనే ఎర్ర శాలువా కప్పుకున్న ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడతో ఒక్క మాట చెబితే చాలు. చెప్పబోయింది కూడా. ఇంతలో ఫోన్ మోగింది, కలినా. తలుపు దగ్గర ఆగి దెనిత్సా ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఎవరో ఒకరు లేపుతారులే అనుకుంది. దిగిపోయింది.

ఆ గంటసేపు ఎంత నవ్విందో. కలినా రెండుసార్లు పడి లేచింది, తను మూడుసార్లు పడింది. చివరికి ఇద్దరూ వేడి వేడి వైను చెరో కప్పు తాగి, మోకాళ్లు రుద్దుకుంటూ ఇళ్లకి పోయారు.

బుధవారం సాయంత్రం ట్రామ్ కోసం నిలబడ్డప్పుడు స్టాపు గోడ మీద కొత్త చావు కాగితం కనిపించింది. ఆ ఊళ్లో పోయినవాళ్ల బొమ్మ వేసి ఇంటి తలుపు మీదా, వాళ్లు తిరిగిన చోట్లా అతికిస్తారు కదా, అలాంటిది. బొచ్చు టోపీ లేదు, జుట్టు పలచగా దువ్వి ఉంది. కానీ ఆ నవ్వు అదే. మెతోది, డెబ్బయ్యారేళ్లు. శుక్రవారం అకస్మాత్తుగా. కింద భార్య నెద్యాల్కా పేరూ, కూతురి పేరూ.

దెనిత్సా ఆ పేరు మళ్లీ ఒకసారి చదివింది.

పక్కన పత్రికల బడ్డీ నడిపే ఆవిడకి ఆయన రోజూ మాట్లాడే మనిషేనట. అడక్కుండానే అంతా చెప్పింది. ఆఖరి స్టాపులో డ్రైవరు లేపితే లేచాడట. గడియారం చూసుకుని మొహం పాలిపోయిందట. తిరుగు ట్రామ్ కదలడానికి ఇరవై నిమిషాలు పడుతుందంటే ఆగలేదు. పట్టాల వెంబడే మంచులో పరుగు తీశాడు. ఎవరో లేపుతానన్నారు, లేపుతానన్నారు అని గొణుక్కుంటూ పోయాడని డ్రైవరు అందరితో చెబుతున్నాడట. ఆసుపత్రి గేటు ఇంకా కనుచూపు మేరలో ఉందనగా పడిపోయాడు. భార్యకి ఆపరేషను బాగానే జరిగింది గానీ, కుట్లు విప్పేదాకా ఆయన పోయిన సంగతి చెప్పొద్దని కూతురు అందర్నీ బతిమాలుకుందట.

"ఆ లేపుతానన్నది ఎవరో గానీ..." అంటూ బడ్డీ ఆవిడ పెదవి విరిచింది. దెనిత్సా పత్రిక కొనకుండానే డబ్బులిచ్చి వచ్చేసింది.

ఆ రాత్రి కలినాకి ఫోన్ చేసి చెప్పింది. కలినా తేలిగ్గా కొట్టిపారేసింది. "నువ్వేమన్నా ట్రామ్ కండక్టరువటే? మర్చిపోయావు. మనుషులు మర్చిపోరా?" అంది. దెనిత్సా అవునంది. తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసిన సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన మంచులో పరుగెత్తిన గంటా, తను మంచు మీద జారుతూ నవ్విన గంటా ఒకటేనని కూడా చెప్పలేదు.

మర్నాడు ట్రామ్‌లో ఆమెకి నిద్ర పట్టింది.

ఆరేళ్లలో ఎప్పుడూ ట్రామ్‌లో కునుకు తీసిన మనిషి కాదు. కిటికీ పక్కన కూర్చుంది, వెలుగుతున్న దుకాణాలు చూస్తోంది, అంతే. భుజం మీద ఎవరో తట్టారు. ఒకసారి. మళ్లీ ఒకసారి. కళ్లు తెరిచేసరికి ట్రామ్ ఆగి ఉంది. ఎదురుగా ఆసుపత్రి గేటు. పక్క సీటు ఖాళీ. ముందు సీట్లో ఇద్దరు బడిపిల్లలు ఫోన్ చూసుకుంటున్నారు.

ఎవరో పుణ్యాత్ములు లేపారనుకుని దిగి, అవతలి వైపు ట్రామ్ ఎక్కి ఇంటికి పోయింది.

శుక్రవారం నిలబడే ప్రయాణం చేసింది. పైన వేలాడే పట్టీ పట్టుకుని, నిద్ర రాకుండా స్టాపులు లెక్కపెట్టుకుంటూ. ఒకటి, రెండు, మూడు... నాలుగో స్టాపు ఎప్పుడొచ్చిందో తెలియదు. భుజం మీద తట్టారు. ఒకసారి. మళ్లీ ఒకసారి. నిలబడే నిద్రపోయింది. ఎదురుగా ఆసుపత్రి గేటు. ఈసారి భుజం మీద కోటు తడిగా ఉంది. తడిసిన ఉన్ని వాసన, దాని అడుగున పండిన సీమదానిమ్మ వాసన...

శని, ఆదివారాలు ఇల్లు కదల్లేదు. సోమవారం ఒక గంట ముందే సెలవడిగి, దుకాణం నుంచి నడిచి ఇంటికి వెళ్దామని బయలుదేరింది. దారి పొడవునా మంచు కురిసింది. మెడ మీద పడి కరిగింది, బూట్లలోకి దిగింది. గంటన్నర నడిచాక కాళ్లు మొద్దుబారి, తన స్టాపుకి ఒక వీధి ముందు ఒక అరుగు మీద ఒక్క నిమిషం కూలబడింది. అంతే తెలుసు.

తట్టారు. రెండుసార్లు.

ఆమె ట్రామ్‌లో కూర్చుని ఉంది. ఎప్పుడెక్కిందో తెలియదు. తలుపులు తెరుచుకుని ఉన్నాయి. ఎదురుగా గేటు. గేటు పక్క గోడ గడియారంలో అయిదూ ఇరవై.

ఈసారి ఆమె కాళ్లు అవతలి వైపు స్టాపుకి పోలేదు. ఆయన వెళ్లాల్సిన చోటికి నన్ను పంపుతున్నాడు, అనుకుంది. ఒక్కసారి వెళ్లి ఆవిణ్ని చూసి, చెయ్యి పట్టుకుని తప్పయిపోయిందని చెబితే వదిలేస్తాడేమో. ఆయన పోయాడని చెప్పక్కర్లేదు. తన తప్పు మాత్రం చెప్పుకుంటే చాలు.

రెండో అంతస్తు. పొడవాటి వరండా, మందుల వాసన, ఎక్కడో బండి చక్రం కిర్రుమంటున్న చప్పుడు. నెద్యాల్కా గారి గది అడిగితే ఒక నర్సు చివరి తలుపు చూపించింది.

గదిలో ఒకే మంచం. తెల్లటి జడ భుజం మీద వేసుకుని, చిన్న పిట్టంత మనిషి దిండుకి ఆనుకుని ఉంది. దెనిత్సా గుమ్మంలోనే ఆగిపోయింది.

"వచ్చావా," అంది నెద్యాల్కా. "కుర్చీ లాక్కుని కూర్చో తల్లీ."

"నేనెవరో మీకు తెలీదు బామ్మగారూ..."

"తెలీకేం. ఆకుపచ్చ టోపీ, గడ్డం కింద పుట్టుమచ్చ. ఆయన చెప్పాడుగా."

దెనిత్సా కూర్చుంది. ఎప్పుడు చెప్పారని అడిగింది.

"నా ఆపరేషనుకి ముందురోజు. బాగా ఆలస్యంగా వచ్చాడు, తలుపులన్నీ వేశాక. ఎలా రానిచ్చారో ఏమో. ఒళ్లంతా మంచు. చేతులు పట్టుకుంటే నా వేళ్లు కొంకర్లు పోయాయి. లేపుతానన్న పిల్ల లేపకుండా దిగిపోయింది నెద్యాల్కా, అన్నాడు. పోనీలే, మర్చిపోయి ఉంటుంది, అన్నాను." ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "మర్చిపోలేదు, తలుపు దగ్గర ఆగి నా వైపు చూసింది, అన్నాడు."

దెనిత్సాకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. గురక పెడుతున్నాడు. ఆ చూపు సంగతి ఈ లోకంలో తనకి తప్ప ఎవరికీ తెలియదు. మంచం అంచు మీద తల ఆనించి, వెక్కుతూ అంతా చెప్పుకుంది. బద్ధకించి తల ఊపడం, ఎర్ర శాలువా ఆవిడ, ఫోన్, మంచు మీద ఆటలు. క్షమించమంది.

నెద్యాల్కా ఆమె జుట్టు నిమిరింది. "నాకేం కోపం లేదమ్మా. నీ వయసులో నేనూ అలాగే దిగిపోయేదాన్నేమో. ఆయనే... ఆయన మనసులో పెట్టుకునే మనిషి. యాభై ఏళ్లు కాపురం చేశాను, నాకు తెలుసు."

"ఆ తర్వాత మళ్లీ వచ్చారా?" గుసగుసగా అడిగింది దెనిత్సా.

"రోజూ వస్తాడు. ఆ పిల్లని తీసుకొస్తాను, ఇంకా లేవడం లేదు, అంటాడు."

ఆవిడ కళ్లు బరువుగా వాలాయి. కాస్త నిద్రొస్తోందనీ, తను ఒంటరిగా నిద్రపోలేననీ, ఇక్కడే కూర్చోమనీ గొణిగింది. చెయ్యి చాపి దెనిత్సా మణికట్టు పట్టుకుంది. దెనిత్సా కదలనని మాటిచ్చింది. ఈసారి నోటితో, పైకి వినబడేలా.

ఆరు కావడానికి పది నిమిషాలుంది. కిటికీ అవతల మంచు నిటారుగా దిగుతోంది. గదిలో చప్పుడు లేదు. తడిసిన ఉన్ని వాసన మొదట సన్నగా వచ్చింది. తర్వాత గది నిండిపోయింది. ఎక్కడో నీటిచుక్క నేల మీద పడింది. కాసేపటికి ఇంకోటి. తన కుర్చీ వెనకే... దెనిత్సా మెడ తిప్పలేదు. తిప్పే ధైర్యం లేదు.

నర్సు తలుపు తీసుకుని వచ్చింది. అలవాటైన విసుగుతో, దెనిత్సా తల మీదుగా వెనక్కి చూస్తూ, రాత్రిపూట మంచానికి ఒక్కరే తోడు ఉండాలండీ, ఇద్దరు కుదరదు, అంది.

దెనిత్సా చటుక్కున లేవబోయింది.

"మీరు కూర్చోండి," అంది నర్సు. "పెద్దాయనే వెళ్తున్నారు."

తలుపు దగ్గర నర్సు పక్కకి తప్పుకుని ఎవరికో దారి ఇచ్చింది. వరండాలోకి ఒకసారి చూసి, పాపం బూట్లు చూడండి ఎలా తడిసిపోయాయో, అని తనలో తనే అనుకుంది. లైటు తగ్గించి వెళ్లబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"మీకో మాట చెప్పమన్నారు. కింద స్టాపులో నిలబడతారట. తొందరేం లేదు, ఇద్దరూ కలిసే రమ్మన్నారు."

తలుపు మూసుకుంది.

దెనిత్సా చెయ్యి లాక్కోవాలని చూసింది. రాలేదు. నెద్యాల్కా గారూ... అని పిలిచింది. పలకలేదు. ఆవిడ గుండెల మీది దుప్పటి వైపు చూసింది. లేస్తోందా... పడుతోందా... ఆ మసక వెలుతురులో ఎంతసేపు చూసినా దుప్పటి కదిలినట్టు అనిపించలేదు.

మణికట్టు మీద ఆ వేళ్లు మాత్రం కొద్దికొద్దిగా బిగుసుకుంటూనే ఉన్నాయి.