గొడుగురాళ్ల లోయలో మూడు తిత్తుల నీళ్లు

మేడికుదురు రాజ్యానికి ఉన్నది ఒక్కటే నది. ఒక వైశాఖంలో అది ఉన్నట్టుండి ఎండిపోయింది. దాని ఊట పడమటి అడవికి ఆవల, గొడుగురాళ్ల లోయలో ఉంది. గాలి కోసి కోసి నిలబెట్టిన రాతిస్తంభాల లోయ అది. ఒక్కో స్తంభానికి సన్నని మెడ, దానిమీద గొడుగంత తల. ఒరపిడి అనే గాలిరక్కసి ఆ ఊటను మూసేసిందని తెలిసి రాజుగారు ముప్పైమంది వీరులను పంపారు.

వాళ్లు కత్తులు నూరుకున్నారు, తిలకాలు దిద్దుకున్నారు, పాడుకుంటూ వెళ్లారు. ఎక్కడ ఆగాలో, ఎలా తిరిగి రావాలో ఒక్కరూ లెక్క వేసుకోలేదు. పిల్లలూ, సరుకులతో ఊళ్లు తిరిగే బిడారువాళ్లం మేం దాన్ని సగం ప్రయాణం అంటాం.

ఆ ముప్పైమంది వెంట వెళ్లి, లోయ వాకిట్లో గుర్రాలను కాస్తూ ఆగిన భటుడొక్కడే తిరిగొచ్చాడు. "అందరూ రాళ్లయిపోయారు. గాలి వాళ్ల ముఖాలను అరగదీస్తోంది" అని చెప్పి మంచం పట్టాడు. ముఖం పూర్తిగా అరిగిపోతే ఇక ఆ రాతిలో ప్రాణం నిలవదు.

ఆ ముప్పైమందిలో ఉప్పు వర్తకుడు నాగప్ప శెట్టి కొడుకు గురవప్ప ఒకడు. అతని చెల్లెలు చెంగలికి పదహారేళ్లు.

"అన్నను తెస్తాను నాయనా" అందామె.

శెట్టి చేతిలోని త్రాసు కింద పెట్టాడు. "పోవడానికి ఏం కావాలో ఎవరైనా చెబుతారు. రావడానికి ఏం కావాలో చెప్పు" అన్నాడు.

చెంగలి రెండు రోజులు ఆ లెక్కలోనే కూర్చుంది. అడవి దాటాక చుక్క నీరు దొరకదు. అందుకని పోవడానికి ఒక తిత్తి, తాను రావడానికి ఒకటి, అన్న రావడానికి మరొకటి, మూడు తోలుతిత్తుల నీళ్లు కావాలి. నీడకు నాలుగు గోనెలు, రెండు గుంజలు. చివర్లో రెండు బస్తాల ఉప్పు కూడా గాడిద మీదికి ఎక్కించింది.

సేనాపతి పకపకా నవ్వాడు. "ఏమ్మా, రక్కసిని ఊరవేస్తావా?"

"మా ఉప్పుకొట్టు గోడ రాతిదే సేనాపతి గారూ. ఉప్పునీరు పీల్చి, ఆరిన ప్రతిసారీ పొరలు పొరలుగా రాలుతోంది. మీ కత్తులు రాతిని ఎన్ని పొరలు రాల్చాయి?"

సేనాపతి పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

అడవి చివర ఒక ముని ఉన్నాడు. ఎవరికైనా ఒక్క ప్రశ్నకే జవాబిస్తాడు. "వచ్చినవాళ్లంతా రక్కసి ప్రాణం ఎక్కడుందనే అడిగారు. ఊట మీది పెద్ద గొడుగురాయిలో ఉందని చెప్పాను. నీదీ అదే ప్రశ్నా?"

"కాదు స్వామీ, అది మీరిప్పుడు చెప్పేశారుగా. లోపలికి వెళ్లినవాళ్లు మధ్యాహ్నం ఎక్కడ కూర్చున్నారు?"

ముని ముఖం నల్లబడింది. "ఇంతవరకు ఎవరూ అడగలేదు. రాళ్ల నీడలో కూర్చున్నారు తల్లీ. ఆ నీడ పక్కకు జరిగేసరికి వాళ్లూ రాళ్లయ్యారు."

లోయలో పిట్ట కూడా లేదు. ఇసుక గీరుకునే చప్పుడొక్కటే, ఎవరో పళ్లు నూరుతున్నట్టు. దారికి ఇరువైపులా మనుషులంత స్తంభాలు. కొన్నింటికి కళ్లున్నాయి, కొన్నింటికి కళ్లుండే చోట గుంటలున్నాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒక రాతి నీడలోంచి ఆరేళ్ల కిందట చనిపోయిన తల్లి గొంతు వినిపించింది.

"కాళ్లు కాలుతున్నాయి కదమ్మా. రా, ఇలా కూర్చో."

చెంగలి ఆ నీడకు పోలేదు. గుంజలు పాతి, గోనెలు కప్పి, ఆ పందిరి కిందికి గాడిదను కూడా లాక్కుంది. "మా అమ్మయితే ముందు గాడిదకు నీళ్లు పెట్టమనేది" అంది. ఆ గొంతు బుసకొట్టి ఆగిపోయింది.

పొద్దు వాలాక వెతుకుతూ పోతే, ఊట దగ్గర ఒక స్తంభం కుడిభుజం కిందికి వాలి కనబడింది. చిన్నప్పటినుంచీ ఉప్పుకావడి మోసిన భుజమది. ముక్కు సగం పోయింది, ఒక చెవి పూర్తిగా లేదు. చెంగలి ఏడుస్తూనే, అన్న రావడానికి ఉంచిన తిత్తిలో ఉప్పు కలిపి అతని మీద పోసింది.

ఏమీ కాలేదు.

పెద్ద గొడుగురాయి మీద ఇసుక సుడి తిరిగి ఒరపిడి లేచింది. "వాడి నీళ్లు వాడి మీదే పోశావా పిచ్చిపిల్లా!" అని విరగబడి నవ్వింది. ఆ నవ్వు వడగాలై తగిలింది. తగలగానే రాయి ఆరి, తెల్లటి ఉప్పు పొంగి, ఒక పెచ్చు ఊడింది. దాని కింద వెచ్చని చెయ్యి ఉంది.

చెంగలికి లెక్క అందింది. ఊదేకొద్దీ ఆరుతుంది, ఆరేకొద్దీ రాలుతుంది.

"ఇంతేనా నీ గాలి? మా వంటింటి ఊదుగొట్టం నయం!"

రక్కసి మండిపడి ఊదింది. పెచ్చులన్నీ రాలాయి. గురవప్ప దగ్గుతూ బయటపడ్డాడు.

చెంగలి అప్పటికే మిగిలిన ఉప్పును పెద్ద గొడుగురాయి మెడ చుట్టూ మెత్తుతోంది. ఆఖరి తిత్తి మూతి విప్పింది.

"అవి తిరుగు నీళ్లు చెల్లీ! అవీ పోస్తే ఇద్దరం ఇక్కడే!"

"ఒక్క తిత్తి ఇద్దరికి చాలదన్నా. చాలనిదాన్ని దాచుకుని ఏం చేస్తాం? ఇక్కడ ఇంకా ఇరవై తొమ్మిదిమంది ఉన్నారు" అని నీళ్లు పోసి, పైకి చూసి అరిచింది. "ఊదుగొట్టమా, దమ్ము అయిపోయిందా?"

ఒరపిడి ప్రాణమంతా కూడదీసుకుని ఊదింది. ఆ గాలికి తన మెడే ఆరింది, పగిలింది, ఫెళ్లున విరిగింది. కొండంత తల దొర్లిపోయింది. గాలి ఆగింది. రాతి కింద నుంచి నీళ్లు ఎగజిమ్మాయి.

మెడకు మెత్తిన ఉప్పును ఊడ్చి, కొత్త నీళ్లలో కలిపి అందరి మీదా పోశారు. గాలి లేదు గనుక ఆరడానికి మూడు రోజులు పట్టింది. ఇరవై రెండుమంది లేచారు. ఏడుగురు లేవలేదు, వాళ్ల ముఖాలు అప్పటికే పోయాయి.

నది వెంబడే వాళ్లు ఊరు చేరారు. రాజుగారు సగం రాజ్యం ఇస్తానన్నారు. "ఆ లోయ చాలు మహారాజా" అంది చెంగలి. ఆమెనే లోయకు ఏలికను చేశారు.

ఆ వింత రాళ్లను చూడాలని నేటికీ ఎందరో పోతుంటారు. వాకిట్లో చెంగలి మునిమనుమరాలు కూర్చుని ఉంటుంది. నీ పేరు అడగదు, ఊరు అడగదు. ముఖం లేని ఆ ఏడు స్తంభాలను చూపించి ఒక్కటే అడుగుతుంది.

"మధ్యాహ్నం ఎక్కడ కూర్చుంటారు?"

జవాబు సిద్ధంగా లేనివాళ్లను లోపలికి పోనివ్వదు.