సుజెట్‌కి గడ్డి తీసేసిన చెయ్యి

బుధవారం పొద్దున్న మారియెట్ కాఫీ కాస్తుంటే, కూతురు గ్రీత్ ట్రామ్ నడిపేటప్పుడు వేసుకునే నీలం కోటు తొడుక్కుంటూ వంటింట్లోకి వచ్చింది. గది మూల పాత దుప్పటి మీద గోధుమరంగు కుందేలు సుజెట్ ముడుచుకుని ఉంది. నిన్ననే దానికి గర్భసంచి తీసేశారు. గొరిగిన పొట్ట కింద కుట్లు సన్నగా కనపడుతున్నాయి.

"అమ్మా, మధ్యాహ్నంలోపు ఇది ఏదో ఒకటి తినాలి, పెంటికలు వెయ్యాలి. రెండూ లేకపోతే డాక్టరుకి ఫోన్ చెయ్యి. నేను బండి మీద ఉంటే ఎత్తను."

"కుందేళ్ళ సంగతి నాకు చెప్తున్నావా?"

"నువ్వు పెంచినవాటికి ఆదివారం దాకానే కదమ్మా ఆయుష్షు," అని నవ్వుతూ గ్రీత్ వెళ్ళిపోయింది.

ఆ మాట తొమ్మిదేళ్ళ ఫీన్ చెవిన పడనే పడింది. మనవరాలు బడిసంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మారియెట్, ఆమె మొగుడు ముప్పై ఏళ్ళు కోతకి కుందేళ్ళు పెంచారు. ఒకసారి భోజనాల దగ్గర పిల్ల అడిగితే, బీరులో ఎండు ఆల్‌బుకారా పళ్ళేసి వాటిని ఎలా ఉడికించేదో మారియెట్ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆనాటినుంచి ఫీన్ సుజెట్‌ని అమ్మమ్మ చేతికి ఇచ్చింది లేదు.

"ముట్టుకోకు అమ్మమ్మా. చూస్తూ కూర్చో, చాలు," అని చెప్పి బడికి పోయింది.

మారియెట్ కూర్చుంది. ఎంతసేపని కూర్చుంటుంది? పెరట్లోంచి లేత క్యారెట్ ఆకు తెచ్చి పెట్టింది. సుజెట్ మొహం తిప్పుకుని గోడకేసి చూస్తూ పళ్ళు కొరుకుతోంది. నొప్పి పుడితే కుందేలు అలాగే కొరుకుతుంది. మారియెట్‌కి ఆ చప్పుడు తెలుసు.

ఇక ఉండబట్టలేక కళ్ళజోడు పెట్టుకుని, ఫ్రిజ్‌కి అంటించిన డాక్టరు కాగితం చదివింది. మూడో వరుస దగ్గర కళ్ళు ఆగిపోయాయి. 'ఆపరేషన్‌కి ముందు కుందేలును పస్తు ఉంచకూడదు. పేగు కదలడం ఆగిపోవచ్చు.'

సోమవారం సాయంత్రమే బోనులో గడ్డంతా మారియెట్ తీసేసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. రేపు కత్తి పడుతుందంటే ఇవాళే మేత తీసెయ్యాలి, కడుపు ఖాళీగా ఉండాలి. ముప్పై ఏళ్ళు చేసిన చెయ్యి దానంతటదే చేసింది. పైగా కూతురికి సాయం చేశాననుకుంది. తెల్లవారకముందే చీకట్లో, గడ్డి సంగతి చూడకుండానే గ్రీత్ సుజెట్‌ని బుట్టలో పెట్టుకుని వెళ్ళాక, తాజా గడ్డి మళ్ళీ నింపింది కూడా. "రాత్రంతా తింటూనే ఉంది" అని గ్రీత్ డాక్టరుతో చెప్పి వచ్చింది పాపం.

మారియెట్ రెండుసార్లు ఫోన్ తీసింది. రెండుసార్లూ పెట్టేసింది. చెప్తే పిల్ల ఈ జన్మలో తన మొహం చూడదు. చెప్పకపోతే? సుజెట్ పళ్ళు కొరుకుతూనే ఉంది.

బుధవారం ఒంటిపూట బడి. పన్నెండింటికల్లా ఫీన్ వచ్చి పడింది. వాడిన ఆకు చూసింది, శుభ్రంగా ఉన్న దుప్పటి చూసింది.

"ఒక్క పెంటికా లేదు. నువ్వేం చేశావు?"

"ఇవాళ ఏం చెయ్యలేదమ్మా."

"మరి?"

"సోమవారం దాని గడ్డి నేనే తీసేశాను. కోతకి ముందు తీసెయ్యాలనే తెలుసు నాకు. తియ్యకూడదని తెలియదు."

ఫీన్ అరవలేదు. అరిచినా బాగుండేది. "నీకది కూరే," అంది.

మారియెట్ ఆ మాట మింగింది. పిల్ల ఎదురుగానే డాక్టరుకి ఫోన్ చేసి, దాచకుండా అంతా చెప్పింది. అవతల డాక్టరమ్మ, "మంచిపని చేశారు చెప్పి. వెంటనే తీసుకురండి, మందు మార్చాలి," అంది.

రెండు వీధుల అవతలే ఆసుపత్రి. బుట్ట ఫీన్ మోసింది, అమ్మమ్మని పట్టుకోనివ్వలేదు. పేగు కదలడానికి సూదిమందు వేసి, పిండిలాంటి మేత, సూది లేని సిరంజీ ఇచ్చి, రెండు గంటలకోసారి నోట్లోకి పట్టమన్నారు.

ఇంటికొచ్చి ఫీన్ ఒక్కతే మొదలుపెట్టింది. సుజెట్ గింజుకుంది. మేత చెవులకంటుకుంది, పిల్ల ముక్కుకంటుకుంది, కడుపులోకి మాత్రం చుక్క పోలేదు. మూడోసారికి ఫీన్ ఏడుపు ఆపుకోలేక సిరంజీ కిందపెట్టింది.

"నేను పట్టుకోనా?" అంది మారియెట్. ఫీన్ తువ్వాలు ఆవిడ వైపు తోసింది.

తువ్వాలు చుట్టి, కుట్లు తగలకుండా, ఒక అరచెయ్యి ఛాతీ కింద, రెండోది వెనక కాళ్ళ కింద పెట్టి ఒళ్ళోకి తీసుకుంది. సుజెట్ ఒకసారి వణికి, నిమ్మళించింది. ఫీన్ సిరంజీ మెల్లిగా నొక్కితే దవడ కదిలింది.

"అప్పుడూ ఇలాగే పట్టుకునేదానివా?" పిల్ల తలెత్తకుండానే అడిగింది.

"ఇలాగే. ఆఖరి నిమిషంలో అది బెదిరిపోకూడదు కదా."

"ఒక్కదానికైనా పేరు పెట్టావా?"

"ఒకదానికి పెట్టాను. ఓడిల్. చెవి ఒకటి వాలి ఉండేది దానికి. ఆ ఆదివారం తలనొప్పని చెప్పి పైన పడుకున్నాను. మీ తాత తిని, బాగుందన్నాడు. ఆ తర్వాత దేనికీ పెట్టలేదు."

ఫీన్ సిరంజీ మళ్ళీ నింపింది. ఈసారి అమ్మమ్మ మోకాలికి ఆనుకుని కూర్చుంది.

నాలుగున్నరకి తువ్వాలు మీద ఏదో రాలింది. మిరియం గింజంత పెంటిక, నల్లగా, ఎండిపోయి. దాని వెనకే ఇంకొకటి. ఇద్దరూ తలలు ఆనించి వాటికేసి చూస్తూ ఉండిపోయారు.

గ్రీత్ వచ్చేసరికి మారియెట్ లేవబోయింది. ఒళ్ళో బరువుంది, లేవలేకపోయింది. "గ్రీత్, నేను తప్పు చేశానే. దాని గడ్డి..."

"అమ్మమ్మ డాక్టరుకి చెప్పేసిందమ్మా," అంది ఫీన్ అడ్డుపడి. "నీకు తర్వాత చెప్తాం. చప్పుడు చెయ్యకుండా కోటు విప్పు. ఆరింటికి మళ్ళీ తినిపించాలి. అమ్మమ్మని లేపకు, అమ్మమ్మే పట్టుకోవాలి."

గ్రీత్ ఒక చేతికి కోటుతో అలాగే నిలబడిపోయింది. మారియెట్‌కి కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. ఫీనే తన చొక్కా చేత్తో తుడిచింది.