ఒక పిసరు తగ్గిన స్వరం

"ఆగు! కాలు వెనక్కి తియ్యి!"

జత్మికో ఒంటికాలి మీద నిలబడిపోయాడు. అప్పటికే ఆలస్యమైంది. చేతిలో మైకు తీగ, వెనక తను దాటేసిన కంచు వాద్యం.

"ఈ ఊళ్లోనే పుట్టావా?" అడిగింది ఎదురుగా కూర్చున్న అమ్మాయి. "వాద్యాల్ని దాటకూడదని మీ అమ్మ చెప్పలేదా?"

"చెప్పింది. ఈ తీగ చూసుకుంటూ మర్చిపోయాను. సారీ."

"సారీ నాకెందుకు? దానికి చెప్పు."

జావా దీవిలోని సోలో నగరంలో కొత్తగా లేస్తున్న మాల్ పక్కన ఉన్న పెంకుల సావిడి అది. విదగ్దో గారి గామెలాన్ కంచు వాద్యాల బృందం శనివారాల్లో అక్కడ సాధన చేస్తుంది. స్టూడియోలో పనిచేసే జత్మికో దాన్ని రికార్డు చేయడానికి వచ్చాడు.

"చాల్లే, కినాంతీ," అన్నాడు విదగ్దో కూతురితో. "బాబూ, దానికో దండం పెట్టి, ఆ వేలాడే పెద్ద కంచు గాంగ్ దగ్గర కూర్చో. మా గాంగ్ కొట్టే ఆయన మాల్‌లో వాచ్‌మన్‌గా చేరిపోయాడు."

"నాకు వాయించడం రాదండీ!"

"పాట ఒక చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక్క దెబ్బ. అంతే."

ఆ ఒక్క దెబ్బా తొందరపడి వేశాడు. ముసలి వాద్యకారులంతా నవ్వారు. పక్కనే అతని మైకులు ఆ నవ్వుల్ని కూడా రికార్డు చేసుకున్నాయి.

ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చాడు. ప్రతిసారీ తొందరపడ్డాడు.

"గాంగ్ వైపు చూడు. నా వైపు కాదు," అనేది కినాంతి.

"నువ్వు ఎప్పుడు ఆపుతావో చూడొద్దా?"

"చెవులున్నాయిగా!"

వాన పెంకుల మీద దడదడలాడుతుంటే సాధన ఆగిపోయేది. అందరూ వేయించిన సోయా టెంపే ముక్కలు, వేడి అల్లం నీళ్లు పంచుకునేవాళ్లు. కినాంతి తన పళ్లెంలో బాగా కరకరలాడే ముక్కను అతని వైపు జరిపేది. జరిపి, ఏమీ ఎరగనట్టు వానను చూసేది. విదగ్దో అది చూసీ చూడనట్టు గ్లాసులో అల్లం ముక్కను కలుపుకునేవాడు.

కినాంతి వాయించేది గెందేర్. గొట్టాల మీద తాళ్లతో వేలాడే పల్చని కంచు పలకల వాద్యం. అందులో ఒక పలక స్వరం, మిగతా వాద్యాల్లోని అదే స్వరం కంటే ఒక పిసరు తక్కువ పలుకుతోందని జత్మికో ఫోన్‌లోని యాప్ చెప్పింది. ఆ పలక బాగు చేయిస్తే? కినాంతి పుట్టినరోజుకు అంతకంటే మంచి కానుక ఏముంటుంది?

సావిడిలో ఎవరూ లేనప్పుడు తాడు విప్పి, పలకను ఊరి అవతల కంచరి దగ్గరికి తీసుకెళ్లాడు.

"విదగ్దో గారికి తెలుసా?" అడిగాడు కంచరి.

"సర్‌ప్రైజ్!" అన్నాడు జత్మికో.

పలక రెండు చివర్లూ అరగదీసి స్వరం పైకి లేపాడు కంచరి.

శనివారం కినాంతి వాయిస్తూ వాయిస్తూ ఆగిపోయింది. ఆ పలకను మళ్లీ తాకింది.

"ఏం చేశావు?"

"హ్యాపీ బర్త్‌డే," అన్నాడు జత్మికో. తర్వాత ఆమె ముఖం చూశాడు.

"ఇది మా అమ్మ వాయించేది. పాడేటప్పుడు ఆ స్వరం దగ్గర అమ్మ గొంతు కాస్త కిందికి దిగేది. అందుకే నాన్న ఆ ఒక్క పలకా దించి చేయించాడు. అమ్మ పోయాక ఆ గొంతు మాకు ఇక్కడే వినిపించేది, జత్మికో."

విదగ్దో కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"వెళ్లిపో," అంది కినాంతి.

అతను తలుపు దాటుతుండగా ఆయన పిలిచాడు. "బాబూ! మొదటిరోజు మైకులు పెట్టావు కదా. ఆ రికార్డింగ్ ఉందా?"

ఉంది. నవ్వులతో సహా ఉంది.

ముగ్గురూ కంచరి దగ్గర కూర్చున్నారు. ఫోన్‌లో పాత స్వరం విని, పలక నడుమ అరగదీస్తూ, మళ్లీ వింటూ, స్వరాన్ని దింపాడు కంచరి. చివరికి ఆకురాయి పక్కన పెట్టాడు.

"ఇంతవరకే, విదగ్దో గారూ. స్వరం వచ్చింది. కానీ పోయిన కంచు తిరిగి రాదు. మునుపటంత నిండుగా పలకదు."

"జ్వరం వచ్చినప్పుడు ఆమె గొంతు ఇలాగే ఉండేది," అన్నాడు విదగ్దో. "అదైనా మిగిలింది."

బయట బస్టాపులో జత్మికో తలెత్తలేకపోయాడు. "కినాంతీ, నువ్వంటే నాకు ఎంత ఇష్టమో చెబుదామని చేశాను."

"నోటితో చెప్పొచ్చుగా, పిచ్చివాడా!" అంది. ఏడుస్తోంది. "నేను విననన్నానా?"

"ఇప్పుడు చెబితే?"

"ఇప్పుడు వినాలని లేదు."

మరుసటి శనివారం గాంగ్ దగ్గర ఎవరూ లేరు. జత్మికో చెప్పులు చేత్తో పట్టుకుని సావిడి మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"అక్కడెవరినీ కూర్చోబెట్టలేదు," అన్నాడు విదగ్దో. "నాకు ఇంకొకరికి నేర్పే ఓపిక లేదు. అమ్మాయిని అడుగు."

కినాంతి తలెత్తలేదు. "వాద్యాల చుట్టూ తిరిగి వెళ్లమనండి, నాన్నా."

అతను గోడవారగా, అన్నింటినీ చుట్టుకుని వెళ్లి కూర్చున్నాడు. పాట మొదలైంది. బయట మాల్ యంత్రాలు గుద్దుతూనే ఉన్నాయి. చుట్టు చివర కినాంతి ఆ పలకను తాకింది. స్వరం సన్నగా, కాస్త కిందికి దిగి, వణికింది. జత్మికో కళ్లు మూసుకున్నాడు. అది పూర్తిగా ఆరిపోయేదాకా చెయ్యి ఎత్తలేదు.

అప్పుడు కొట్టాడు.

కినాంతి తలెత్తి చూసింది.