కుప్ప పైన గాజు

మంగళవారం ఉదయం ఆరున్నర దాటాక, తడిచెత్తను ఎరువు చేసే యార్డులో చెత్తబండి తోలే ఆవిడ కుడి అరచెయ్యి తెగింది. డ్రమ్ము అప్పుడే పట్టా మీద బోర్లించారు. ఆమె కుప్ప మీద కుడిచెయ్యి ఆనించి, ఎడమచేత్తో ఒక చిరిగిన ప్లాస్టిక్ సంచిని బయటికి లాగుతోంది. గాజుముక్క చూపుడువేలి మొదట్లో నరం దాకా దిగింది.

ఆ డ్రమ్ములో ఉన్నది ఒక సందులోని ఐదిళ్ళ తడిచెత్త. వంటింటి చెత్తనూ పెరటి చెత్తనూ పొడిచెత్తతో కలపకుండా విడిగా తీసుకెళ్ళే పద్ధతి ఆ సందులో మొదలై నెల కాలేదు. గాజు కుప్ప పైన ఉంది కాబట్టి ఆఖరున పోసిన ఇంటిదేనని యార్డులో ఉన్నవాళ్ళంతా అన్నారు. ఆఖరున పోసింది ఐదో ఇంటి బకెట్టు.

గురువారం ఆ ఐదో ఇంటి కోడలు డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కింది.

డిటెక్టివ్‌ను ఊళ్ళో భూతద్దం అంటారు. ఆమె దగ్గర భూతద్దం లేదు. ఇరవయ్యేళ్ళు బీమా కంపెనీలో కాలిన గోదాములు, మునిగిన సరుకులు చూసి చూసి, ఏది దానంతట అది జరిగిందో, ఏది చేస్తే జరిగిందో చెప్పడం నేర్చుకుంది. ఆమె దగ్గర పనిచేసే గుమాస్తా ఆమె మాటలు రాసుకుంటాడు, ఇంటికెళ్ళి భార్యకు వినిపిస్తాడు, భార్య విసుక్కుంటుంది.

"కూర్చోండమ్మా" అన్నాడు గుమాస్తా.

కోడలు కూర్చోలేదు. "ఆ చెయ్యి తెగింది నా వల్లేనేమో కనుక్కోండి" అంది.

గుమాస్తా పెన్ను ఆగింది. ఆ గదిలోకి వచ్చేవాళ్ళు ఎవరు చేశారో కనుక్కోమంటారు. తానే చేశానేమో చూడమన్న మనిషిని అతను చూడటం ఇదే మొదటిసారి.

"సోమవారం రాత్రి మా ఇంట్లో గాజుగ్లాసు పగిలిందండీ. పేపర్లో చుట్టాను. అంతవరకూ గుర్తుంది. తర్వాత పొడిచెత్త డబ్బాలో వేశానా, తడిచెత్త పచ్చబకెట్లో వేశానా? అటు పాప ఏడుస్తోంది, ఇటు పాలు పొంగుతున్నాయి. తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రావట్లేదు."

"ఇంట్లో చెప్పారా?" అడిగింది భూతద్దం.

"చెప్పే లోపలే మా మావయ్యగారు వీధిలో నిలబడి, 'నేనే వేశాను, ఏం చేస్తారో చేసుకోండి' అనేశారు. ఆయన వంటింటి గుమ్మం కూడా తొక్కరండీ. నా మొహం చూసి కనిపెట్టి నెత్తిన వేసుకున్నారు." ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఈ చెత్త పద్ధతి మీద పెట్టిన మొదటి మీటింగులో ఆయన వెక్కిరించారు. 'ఇక చెత్తకి కూడా తరగతులు పెట్టి చదువు చెప్పాలన్నమాట' అని. అది పట్టుకుని ఇప్పుడు కావాలనే వేశాడంటున్నారు. నిన్నటినుంచి ఆయన గేటు దాటలేదు."

"నేను చూసి తేలింది చెప్తాను. అది మీకు నచ్చకపోవచ్చు."

"నేనే అయితే వెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడతాను. కాదంటే రాత్రికి కన్ను మూతపడుతుంది. ఏదో ఒకటి తేల్చండి."

ఆస్పత్రిలో డాక్టరు చిన్న సీసా తెచ్చి ఇచ్చాడు. గాయంలోంచి తీసిన ముక్కలు అందులో ఉన్నాయి. భూతద్దం దాన్ని కిటికీ వెలుగులో తిప్పింది. గుమాస్తా "గాజు" అని రాసుకున్నాడు.

"అంతేనా నీకు కనబడింది?" అంది ఆమె.

అతను మళ్ళీ చూశాడు. గుడ్డుపెంకులా పలచగా ఉంది. వంపు ఉంది. ఒకవైపు అద్దంలా మెరుస్తోంది. అవి కూడా రాశాడు.

"గాయంలో ఇంకేమైనా ఉందా డాక్టర్‌గారూ?"

"గడ్డి. మిషనుతో కోసిన గడ్డి తునకలు. అవి కడిగేసరికే అరగంట పట్టింది."

చెత్తబండి ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుంది.

"తప్పు నాదేనమ్మా" అంది అడగకముందే. "పట్టకారు బండికి వేలాడుతూనే ఉంది. ఎవరు తీస్తారులే అని చెయ్యి పెట్టాను. ముందురోజు సాయంత్రం డ్రమ్ము కడిగింది కూడా నేనే. సరిగ్గా కడగలేదేమో."

"ఎలా కడిగావు?"

"పీచుతో, అడుగు దాకా వంగి చేత్తోనే తోమాను. నీళ్ళు పోయేలా బోర్లించి షెడ్డులో పెట్టాను."

"అప్పుడు నీ చేతికేం కాలేదుగా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "లేదమ్మా."

"పొద్దున డ్రమ్ము బండిలోకి ఎక్కించింది ఎవరు?"

"సూపర్‌వైజర్‌గారే. నాకు నడుం పట్టేసిందని వారం నుంచీ నేను వచ్చేలోపు ఆయనే ఎక్కించి పెడుతున్నారు. దేవుడిలాంటి మనిషి. రోజూ వస్తున్నారు చూడ్డానికి. ఆ తలుపు దగ్గరే నిలబడతారు. రండి సార్ అన్నా లోపలికి రారు."

సందులో మొదటిల్లు టీచరమ్మది. ఈ పద్ధతి కోసం ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించింది ఆమె. గేటు లోపల గడ్డి సమంగా కోసి ఉంది.

"ఎప్పుడు కోయించారు?" అంది భూతద్దం.

"సోమవారం సాయంత్రం. సందు మొత్తంలో గడ్డి పెంచేది మేమేలెండి. మిగతా వాళ్ళకి సిమెంటే సుఖం." టీచరమ్మ గొంతు తగ్గించింది. "మీరు వచ్చింది ఐదో ఇంటి పెద్దాయన తరఫున కదా? ఆయనకి మొదట్నుంచీ కడుపుమంట. మున్సిపల్ ఆఫీసువాళ్ళు పద్ధతే ఎత్తేస్తామంటున్నారు. నా కష్టమంతా మట్టిపాలవుతుంది."

"మీ బకెట్లో గడ్డి కాకుండా ఇంకేమైనా పడిందా?"

"నేనా? నేను పదిమందికి నేర్పే దాన్నండీ!" అంది టీచరమ్మ. చెవులు ఎర్రబడ్డాయి. గుమాస్తా అది కూడా రాసుకున్నాడు.

యార్డులో ఆ కుప్ప మీద టార్పాలిన్ కప్పి, చుట్టూ తాడు కట్టి ఉంది. విచారణ ముగిసేదాకా ముట్టుకోవద్దని ఆఫీసు ఆర్డరు. సూపర్‌వైజర్ వాళ్ళను షెడ్డులోకి తీసుకెళ్ళి, ఎదురుగా ఉన్న బడ్డీ నుంచి టీ తెప్పించాడు. అతని బల్ల మీద పిడి ఉన్న ఎర్ర ప్లాస్టిక్ మూతలో పెన్నులు, తాళాలు ఉన్నాయి.

"రోజూ ఇక్కడి టీయేనా?" అంది భూతద్దం గ్లాసు అందుకుంటూ.

"ఇదివరకు ఇంటినుంచి తెచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు ఇదే." అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. "నేను ఏ ఇంటి పేరూ చెప్పలేదండీ. అందరూ ఐదో ఇల్లంటుంటే అదే రాశాను."

"మీకేమనిపిస్తోంది?"

"నాకనిపించడానికేముంది?" అన్నాడు. టీ ముట్టుకోలేదు.

వెళ్ళేటప్పుడు భూతద్దం షెడ్డు గుమ్మం దగ్గర ఆగింది. ఇనుప గడప జానెడు ఎత్తుంది. చెప్పుతో దాన్ని ఒకసారి తట్టి బయటికి నడిచింది.

దారిలో గుమాస్తా ఉండబట్టలేక అడిగాడు. "ఐదో ఇల్లేనంటారా మేడమ్?"

"రేపు సాయంత్రం అందర్నీ ఆ ఇంటికే రమ్మను. ఆస్పత్రిలో అడిగి ఆవిణ్ణి కూడా తీసుకురా" అంది ఆమె.

శుక్రవారం సాయంత్రం ఐదో ఇంటి ముందుగదిలో అందరూ కూర్చున్నారు. చెత్తబండి ఆవిడకు పెద్దకుర్చీ వేశారు. వద్దు వద్దంటూనే అంచున కూర్చుంది. మావయ్య గోడవారగా నిలబడ్డాడు. కోడలు వంటింటి గుమ్మం దగ్గర ఉంది. టీచరమ్మ ఎవరి వైపూ చూడలేదు. సూపర్‌వైజర్ తలుపు పక్కన నిలబడ్డాడు.

"పెద్దాయనా, పచ్చబకెట్లో గాజు వేసింది మీరేనా?" అంది భూతద్దం.

"ఎన్నిసార్లు చెప్పాలి? నేనే."

"మీ పచ్చబకెట్టు ఎక్కడుంటుంది?"

మావయ్య అటూ ఇటూ చూశాడు. "పెరట్లో."

"పొయ్యి పక్కన, మావయ్యా" అంది కోడలు, ఏడుపు ఆపుకుంటూ. "చాలు. ఇక ఆపండి."

మావయ్య తల దించుకున్నాడు. భూతద్దం ఆయన్ని వదల్లేదు. "ఇంకొక్కటి చెప్పండి. అన్నం గిన్నె పళ్ళెంలో బోర్లిస్తే పైకి వచ్చేది ఏమిటి?"

"మాడు" అన్నాడు మావయ్య చిరాగ్గా. "మా ఇంట్లో తరచూ చూసేదే. అయితే ఏంటట?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గుమాస్తా చేతిలో పెన్ను జారింది.

"డ్రమ్ము కూడా గిన్నెలాంటిదే. ఆఖరున పోసిన ఐదో ఇంటి చెత్త డ్రమ్ములో పైన ఉంటుంది. బోర్లిస్తే అడుక్కి పోతుంది. కుప్ప పైకి వచ్చేది మొట్టమొదట పోసింది. గాయంలో కోసిన గడ్డి ఉందని డాక్టర్‌గారు చెప్పారు. ఈ సందులో గడ్డి ఉన్నది మొదటింట్లో."

అందరూ టీచరమ్మ వైపు తిరిగారు. ఆమె లేచి నిలబడింది.

"గాజు నేను వెయ్యలేదు. పిల్లల మీద ఒట్టు. సంచి మాత్రం..." ఆమె చెత్తబండి ఆవిడ వైపు తిరిగింది. "నువ్వు లాగిన సంచి నాది. గడ్డి దాన్లో కట్టి అలాగే పడేశాను. విప్పి పొయ్యడానికి బద్ధకమేసింది. అందరికీ నీతులు చెప్పి నేనే... ఆ సంచి లేకపోతే నువ్వు అక్కడ చెయ్యే పెట్టేదానివి కాదు."

"ఊరుకోండమ్మా" అంది చెత్తబండి ఆవిడ.

"సంచి మీది. గాజు మీది కాదు" అంది భూతద్దం. "గాజు గడ్డి లోపల లేదు, గడ్డికి పైన ఉంది. అంటే మొదటిల్లు పొయ్యకముందే డ్రమ్ము అడుగున ఉంది. ముందురోజు సాయంత్రం అడుగు దాకా చేత్తో తోమితే ఏమీ తెగలేదు. కాబట్టి రాత్రికీ పొద్దుటికీ మధ్య పడింది."

ఆమె సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"తాగే గ్లాసు ఇంత పలచగా ఉండదు. మొహం చూసుకునే అద్దానికి వంపు ఉండదు. బల్బుకు లోపల ఇలాంటి పూత ఉండదు. ఇది టీ ఫ్లాస్కులోపలి గాజు. ఇదివరకు ఇంటినుంచి టీ తెచ్చుకుని, ఇప్పుడు బడ్డీ టీ తాగుతున్న మనిషి ఒకరున్నారు. ఆ ఫ్లాస్కు పోయింది. దాని మూత ఆయన బల్ల మీద ఉంది, పెన్నులు పెట్టుకోవడానికి."

ఎవరూ తలుపు వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది. సూపర్‌వైజరే మాట్లాడాడు.

"డ్రమ్ము రెండు చేతులా ఎత్తాలి. ఫ్లాస్కు పట్టుకోవడానికి చెయ్యి లేక డ్రమ్ములోనే పెట్టాను. గడప తగిలి తూలాను. డ్రమ్ము అంచు గడపకు కొట్టుకుంది. లోపల ఫ్లాస్కు పగిలి, మూత ఊడింది. ముక్కలన్నీ దులిపాను. ఇంకా తెల్లవారలేదు. తడిమి చూశాను. అన్నీ వచ్చేశాయనే అనుకున్నాను."

"ఈవిడ చెయ్యి తెగినప్పుడు?"

"చూడగానే తెలిసింది. నోరు తెరిచేలోపు ఎవరో 'పైన ఉంది, ఐదో ఇల్లే' అన్నారు. అంతా అవునన్నారు. నేను... కాదనలేదు." అతను చెత్తబండి ఆవిడ ముందుకు వచ్చి ఆగాడు. "నీ నడుం నొప్పని ఎక్కించాను. నిజంగా అందుకే ఎక్కించాను."

"తెలుసు సార్" అంది ఆమె. "నాలుగు రోజులు రోజూ వచ్చారు. ఒక్కమాట చెప్పి ఉండాల్సింది" అంది.

అతను మావయ్యకు చేతులు జోడించాడు. మావయ్య తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

అందరూ వెళ్ళాక కోడలు భూతద్దం దగ్గరికి వచ్చింది. "అయితే నాది కాదన్నమాట."

"ఆ చేతిని కోసింది మీ గ్లాసు కాదు."

కోడలు ఆ మాటను రెండోసారి తనలో తాను అనుకోవడం గుమాస్తా చూశాడు. ఆమె మొహంలో అంతకుముందు వచ్చిన వెలుగు తగ్గింది.

"మరి నా గ్లాసు ఎక్కడుంది?"

"అది నేను చెప్పలేను. పొడిచెత్త బుధవారమే వెళ్ళిపోయింది. మీ చెత్త ఆ కుప్ప అడుగున ఉంది. సూపర్‌వైజర్ ఒప్పుకున్నాక ఆఫీసు దాన్ని అట్టే పెట్టదు. కావాలంటే ఎరువులో కలిపేస్తారు, ఎవరూ చూడరు."

"వద్దు. నేను చూస్తాను" అంది కోడలు.

సూపర్‌వైజర్ ఆ రాత్రే జరిగింది రాసి సంతకం పెట్టి, షెడ్డు తాళాలతో సహా ఆఫీసులో ఇచ్చాడు. ఐదో ఇంటి మీద రాసింది కొట్టేశారు. శనివారం ఉదయం కుప్ప విప్పడానికి అనుమతి వచ్చింది.

కోడలు రబ్బరు గ్లవ్స్ వేసుకుని, పట్టకారు పట్టుకుని పట్టా మీద కూర్చుంది. మావయ్య వద్దని ఇంటి దగ్గరే చెప్పాడు. చెప్పి, తానూ వచ్చాడు. చెత్తబండి ఆవిడ డిశ్చార్జి అయి నేరుగా యార్డుకే వచ్చింది. గోనెసంచి మడిచి కూర్చుని, ఎక్కడ పొరలు అంటుకుంటాయో, ఎలా విడదీయాలో ఎడమచేత్తో చూపించింది. గుమాస్తా పక్కన నిలబడి రాసుకున్నాడు.

ముందు గడ్డి తీశారు. దానికింద తొక్కలు, వాడిన పూలు, మెతుకులు వచ్చాయి. ఎండిన కొమ్మలు వచ్చాయి. ఆఖరున టీపొడి పిప్పి వచ్చింది. "ఇది మాదే" అంది కోడలు.

దానికింద పట్టాకు అంటుకుని ఒక పేపరు పొట్లం ఉంది.

కోడలు దాన్ని పట్టకారుతో ఎత్తి, గోనె మీద పెట్టి, మడతలు విప్పింది. లోపల గాజుగ్లాసు అడుగుభాగం, మూడు ముక్కలు ఉన్నాయి. పేపరు మీద తేదీ సోమవారానిది.